నాలుగో పుస్తకానికి కాగితం

బెజవాడ, 5 నవంబరు 1945, సోమవారం

మా అచ్చాఫీసు యజమాని అంకమ్మరావు గారు ఈ ఉదయం నాకొక నోటుపుస్తకం ఇచ్చారు. కటింగులో మిగిలిన ముక్కలను పోగుచేసి స్వయంగా కుట్టినది. యుద్ధం ముగిసినది గాని కాగితం మీద కంట్రోలు ముగియలేదు. ఇటువంటి రోజులలో తెల్లకాగితం చేతికి వచ్చినప్పుడు దానిని ఊరక ఉంచరాదు. కనుక నేటి నుండి డైరీ వ్రాస్తున్నాను. ఇది నా కొరకు మాత్రమే.

కాగితం మంజూరు ఉత్తరం కూడా ఈ రోజే వచ్చినది. ఉగాదికి మా ఏటిగట్టు గ్రంథమాల నాలుగు పుస్తకాలు వేయగలదు. అయిదవదానికి లేదు. ఈ ఊరిలో అచ్చాఫీసులు ఎన్నో ఉన్నవి. పాఠ్యపుస్తకాలు, పంచాంగాలు వేసుకొని సుఖంగా ఉన్నవి. మేమూ ఏడాది పొడుగునా శుభలేఖలు, రసీదు పుస్తకాలు వేస్తాము. కాని అది పొట్టకు. అంకమ్మరావు గారి మనసంతా ఉగాదికి వేసే కొత్త నవలల మీదనే. అదైనా ఇంతకు ముందు ఎవరూ పేరు వినని వారివే వేస్తారు. ఒక పెద్దమనిషి ఇదేమి వెర్రి అని అడిగితే, "ఇంకొకరు వేసేవయితే మనమెందుకండీ?" అన్నారు. ఆ మాట విన్ననాడే ఈయన దగ్గర ఉద్యోగం వదలరాదని నిశ్చయించుకున్నాను. ప్రూఫులు దిద్దే పనిలో చేరి నేటికి పదేండ్లు.

మూడు పుస్తకాలు తేలినవి. బందరు రేవులో ఓడలు రావడం మానిన తరువాత అక్కడ మిగిలిన మనుష్యులను గురించి "పాత రేవు". ఎస్టేటు కచేరీలో ముప్పయ్యేండ్లు సంతకాలు పెట్టించిన గుమాస్తా కథ "ఠాణా". రైలు గేటు కాచేవాని కుటుంబం "గేటు నంబరు పదకొండు". మూడూ రత్నాలు. నాలుగవ స్థానం ఖాళీగా ఉన్నది.

మా ఎంపిక పద్ధతి బయటివారు వింటే నవ్వుతారు. అచ్చయిపోయిన పేజీలను విప్పి, సీసపు అక్షరాలను ఏ గడిలోవి ఆ గడిలో తిరిగి వేయడం మధ్యాహ్నం మూడు నుండి నాలుగు వరకు జరిగే పని. కంపోజిటర్ల చేతులు అలవాటు మీద నడుస్తాయి, చెవులు ఖాళీ. ఆ గంటసేపు నేను గది మధ్య స్టూలు మీద కూర్చుండి వ్రాతప్రతిని పైకి చదువుతాను. అంకమ్మరావు గారు తడక అవతల కూర్చుండి వింటారు. వినేది నన్ను కాదు, అక్షరాలు గడులలో పడే చప్పుడును. అది ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకుంటారు. ఒక్కొక్క వ్రాతప్రతికి రెండు రోజులు, ఆ రెండు గంటలలో మొదటి నుండి ఎంత వస్తే అంత. చేతులు ఆగితే అది పుస్తకం. ఆగకపోతే సగౌరవంగా తిప్పి పంపడం. ఈ సూత్రం ఇంతవరకు తప్పలేదు.

మా మాస్టారి "వేంగీ ప్రదీపం" ఈ రోజు అంకమ్మరావు గారి బల్ల మీద పెట్టాను. పేరు చెప్పలేదు. చెప్పవద్దని మాస్టారి ఆజ్ఞ.

8 నవంబరు, గురువారం

సత్యనారాయణపురం వెళ్ళి మాస్టారిని చూచి వచ్చాను. నేత పని వదలి పెడన నుండి ఈ ఊరు వచ్చిననాటికి నాకు ఇరవైతొమ్మిదేండ్లు, వ్రేలిముద్ర వేసేవాడిని. వెంకటప్పయ్య మాస్టారు నడిపే రాత్రిబడిలో చేరి, ముప్పయ్యెనిమిదవ ఏట పరీక్ష నెగ్గాను. ఆ పత్రం పటం కట్టించి మా వసారాలో పెట్టాను. వచ్చిన ప్రతివారికీ అది కనబడుతుంది.

మాస్టారికి నీటికాసులు. డాక్టరు వేసవి దాటితే చూపు నిలవదన్నాడట. పదకొండేండ్లుగా వ్రాసిన నవల ఒక్కటే ఉన్నది ఆయనకు. పిల్లలు లేరు.

"అచ్చులో ఒకసారి కంటితో చూసుకోవాలోయ్ బసవయ్యా. ఆ తర్వాత పోతే పోనీ," అన్నారు. నవ్వుతూనే అన్నారు.

12 నవంబరు, సోమవారం

"వేంగీ ప్రదీపం" మొదటి రోజు. నా శక్తి కొలది చదివాను. కోట వర్ణన దగ్గర గొంతు పెంచాను, మంత్రి తన కుమారునికి నీతి చెప్పే చోట తగ్గించాను. మొదటి వాక్యమే ఏడు పంక్తులు. ఎక్కడా ఊపిరి తీయకుండా దానిని చదవగలవాడు ఈ ఊరిలో నేను తప్ప మరొకడు లేడు.

చేతులు ఆగలేదు.

13 నవంబరు, మంగళవారం

ఈ రోజు కూడా ఆగలేదు. పైగా, పని ముగిసిన తరువాత ఇశ్రాయేలు చేతులు కడుక్కుంటూ, "ఈ పుస్తకం రోజూ చదవండి బసవయ్యగారూ. నాలుగింటికి కావలసింది మూడున్నరకే అయిపోయింది," అన్నాడు. శౌరయ్య నవ్వు ఆపుకొనలేక బయటికి వెళ్ళినాడు. మాకున్న కంపోజిటర్లు ఈ ఇద్దరే. పనిలో దిట్టలు. ఉన్నత సాహిత్యం విషయంలో మాత్రం వారి నుండి ఎక్కువ ఆశించడం న్యాయం కాదు.

అంకమ్మరావు గారు వ్రాతప్రతిని తిప్పి పంపమనలేదు. ఇంకొకటి రావలసి ఉన్నదనీ, దానిని కూడా విని చెబుతాననీ అన్నారు.

19 నవంబరు, సోమవారం

ఆ ఇంకొకటి వచ్చినది. దానితో పాటు వ్రాసిన మనిషి కూడా వచ్చినది. పేరు సంపూర్ణమ్మ. పామర్రు దగ్గర ఒక పల్లెలో మిషను బడి పంతులమ్మ. వయస్సు ముప్పయి ఉండవచ్చు. బొగ్గుతో నడిచే బస్సులో వచ్చినందున నుదురంతా మసి. తల్లిదండ్రులు కూలివారట. ఏడు ఎక్సర్‌సైజు పుస్తకాలు, దారంతో కట్టినవి. పేరు "ఊడ్పుల నెల".

అంకమ్మరావు గారు లేచి నిలబడి ఆ పుస్తకాలు అందుకున్నారు. ఆయన జమీందారుకైనా, ఈమెకైనా అట్లే లేస్తారు. అటువంటి మనిషి.

ఆమె వెళ్ళబోతూ నా దగ్గర ఆగినది.

"మీరే చదువుతారటగా అండీ?"

"నేనే."

"అందులో మావాళ్ళు మావాళ్ళలాగే మాట్లాడతారండి. చదివేటప్పుడు నవ్వురాకుండా చదవండి. అంతకంటే ఏమీ అడగను."

నేను పరీక్ష నెగ్గిన మనిషిననీ, ఏ వ్రాతప్రతినీ అగౌరవంగా చదివే అలవాటు నాకు లేదనీ తెలియజేశాను. ఆమె నమస్కారం చేసి వెళ్ళినది.

20 నవంబరు, మంగళవారం

చదివి వినిపించే ముందు ప్రతి వ్రాతప్రతినీ నేను ఒంటరిగా ఒకసారి చదువుకోవడం నియమం. మధ్యాహ్నం భోజనం క్యారియరు తీసుకొని ఏలూరు కాలువ గట్టున కూర్చున్నాను.

నాట్ల కాలంలో ఊరూరూ తిరిగే పన్నెండుమంది ఆడవాళ్ళ ముఠా కథ ఇది. ముఠాకు పెద్ద మార్త అనే ఆమె. మూడవ పుస్తకంలో ఒక చోట వాళ్ళందరూ వరుసగా వంగి నాటుతూ వెనక్కు వస్తుంటారు. అందులో నెలలు నిండిన పిల్లకు నొప్పులు వస్తాయి. ఇద్దరు ఆమెను గట్టు మీదికి తీసుకొనిపోతారు. మేస్త్రి చూస్తే ఆ పిల్లను రేపటి నుండి పనికి రానివ్వడు. అందుకని మిగిలిన వాళ్ళు ఏమీ అనుకోకుండానే, ఒక్క మాటా మాట్లాడుకోకుండానే, అటునుంచి ఒకరు ఇటునుంచి ఒకరు చేయి చాచి ఆమె వరుస కూడా నాటేస్తారు. సాయంత్రం మేస్త్రి వచ్చి గట్టు మీద నిలబడి చూస్తే మడిలో ఎక్కడా ఖాళీ లేదు. నెల తిరిగాక పైరు పచ్చబడినప్పుడు మాత్రం, తెలిసినవాళ్ళు చూస్తే, మడి నడుమ ఒక వరుస కొంచెం వంకరగా ఉంటుంది. ఆ వరుసను చూపించి మార్త పసిబిడ్డతో, "అది నీదేనమ్మా," అంటుంది.

ఈ ఘట్టం తప్ప చెప్పుకోదగినదేమీ లేదు. ఈ ఘట్టం వంటివి మరి ఆరో ఏడో ఉన్నవి.

సైరను కూసేవరకు క్యారియరు మూత తీయలేదు. కడుపు సరిగా లేనందున కావచ్చు.

21 నవంబరు, బుధవారం

"ఊడ్పుల నెల" మొదటి రోజు. గొంతులో కొంచెం గరగర ఉన్నది. అయినప్పటికీ ఒక్క ముక్క విడువకుండా చదివాను. చేతులు ఆగలేదు.

22 నవంబరు, గురువారం

రెండవ రోజు. ఒక్క ముక్క విడువలేదు. నవ్వలేదు కూడా. ఆమె అడిగినది అంతే కదా.

నాటు ఘట్టం కూడా చదివాను. రైళ్ళ రాకపోకల పట్టిక చదివితే ఎంత సమంగా వస్తుందో అంత సమంగా చదివాను. చేతులు ఆగలేదు. శౌరయ్య మాత్రం ఒకసారి తల ఎత్తి నా మొహం చూచినాడు.

అంకమ్మరావు గారు తడక ఇవతలికి వచ్చి, ఒంట్లో బాగా ఉన్నదా అని అడిగారు. బాగా ఉన్నదన్నాను. ఆయన ఏడు పుస్తకాలనూ తీసుకొని కాసేపు తిరగవేసి, కంపోజింగు గదిలోని అరలో పెట్టించారు.

23 నవంబరు, శుక్రవారం

గొంతు బాగానే ఉన్నది.

26 నవంబరు, సోమవారం

నేనేమైనా దాచినానా? లేదు. ఏదైనా వాక్యం దాటవేసినానా? లేదు. ఒక మనిషి తన స్వరాన్ని ఎంత వాడవలెనన్నది నియమాలలో ఎక్కడా లేదు. వ్రాతలో బలముంటే అది స్వరం మీద ఆధారపడదు. మాస్టారి పుస్తకానికి నేను స్వరం ఇచ్చినా ఆగలేదు కదా. కనుక ఇద్దరికీ సమమే.

ఒక్క ముక్క విడువలేదు.

29 నవంబరు, గురువారం

ఈ సాయంత్రం అంకమ్మరావు గారు నన్ను పిలిచి తలుపు దగ్గరకు వేశారు. నాలుగవ పుస్తకం పేరు సోమవారం నాటికి తేలకపోతే జాబితా వెనుకబడుతుందట. రెండింటికీ చేతులు ఆగలేదు. ఇటువంటిది ఎన్నడూ జరగలేదట.

"పదేళ్ళుగా మీరు చదువుతున్నారు. ఒక్క పుస్తకం గురించి కూడా ఇది వేయండి, ఇది వద్దు అని మీరు అనలేదు. అది నాకు తెలుసు. అందుకని ఈసారి మీ మాటే," అన్నారు. "రెంటిలో ఏది వెయ్యమంటే అది వేస్తాను. ఎందుకని అడగను."

సోమవారం చెబుతానన్నాను.

ఇంతటి విశ్వాసం ఒక యజమాని ఒక ఉద్యోగి మీద ఉంచడం ఈ కాలంలో ఎక్కడ ఉన్నది? ఇంటికి వస్తూ దారి పొడుగునా ఆ సంగతే అనుకున్నాను. ఒక్క మాట అంటే చాలు. మాస్టారు తన పుస్తకాన్ని తన కళ్ళతో చూచుకుంటారు. పాపం కాదు. రెండూ సమానమని అంకమ్మరావు గారే అన్నారు.

30 నవంబరు, శుక్రవారం

సమానమని ఆయన అనలేదు. చేతులు ఆగలేదని మాత్రమే అన్నారు.

2 డిసెంబరు, ఆదివారం

ఉదయం మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆ మూడవ ఎక్సర్‌సైజు పుస్తకాన్ని సంచిలో వేసుకొని వెళ్ళాను. మాస్టారి అభిప్రాయం తెలుసుకోవడం మంచిదనిపించినది. ఆయన వంటి విద్వాంసుడు ఇది సాహిత్యం కాదు పొమ్మంటే, ఆ తరువాత ఎవరి మనస్సాక్షికీ బాధ ఉండదు.

వసారాలో కుర్చీ వేసి కూర్చోపెట్టారు. సంగతి చెప్పాను. పోటీలో ఉన్న పుస్తకమనీ చెప్పాను. చదవమన్నారు. ఆయన కళ్ళు మూసుకొని విన్నారు. రెండు పుటలు అయినవో లేదో చేయి ఎత్తారు.

"ఏమిటోయ్ అది?"

"ఏది మాస్టారూ?"

"ఆ చదవడం. నీకు చదవడం నేర్పింది నేను. ఒక్కొక్క అక్షరం నీ నోట్లోంచి ఎలా వస్తుందో నాకు తెలుసు. ఇది నీ చదువు కాదు. దీన్ని తొక్కి పట్టుకు చదువుతున్నావు."

నేను పుస్తకం మూశాను.

"మొదట్నించీ చదువు," అన్నారు.

మొదటి నుండి చదివాను. ఇప్పుడు దీనిని ఎట్లు వ్రాయవలెనో తెలియడం లేదు. చదివాను, అంతే. ఆ పన్నెండుమంది ఎట్లు మాట్లాడుకుంటారో అట్లు చదివాను. మా అమ్మ మగ్గం దగ్గర నూలు చుడుతూ ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో మాట్లాడిన తీరు అది. పరీక్ష నెగ్గిన తరువాత ఆ మాటలు నా నోట రాలేదు. అవి ఇంకా నాలో ఉన్నవని కూడా నాకు తెలియదు. వంకర వరుస దగ్గరకు వచ్చేసరికి ఆ పంక్తిని రెండుసార్లు చదివాను. మాస్టారు తల వంచుకొని ఉన్నారు. మాస్టారి భార్య సుబ్బరత్నం గారు లోపల నుండి వచ్చి, గుమ్మంలో చేట పట్టుకొని ఎప్పటి నుండి నిలబడి ఉన్నారో తెలియదు.

మాస్టారు అడిగారు.

"మీ అచ్చాఫీసులో దీన్ని ఎలా చదివావు? మొదట చదివినట్టా, ఇప్పుడు చదివినట్టా?"

నేను జవాబు చెప్పలేదు. ఆయన రెండవసారి అడగలేదు. అంతకంటె అడిగి ఉంటే బాగుండెడిది. సుబ్బరత్నం గారు మజ్జిగ ఇచ్చారు. త్రాగాను. సెలవు తీసుకుంటుంటే మాస్టారు గుమ్మం దాకా వచ్చి, నా భుజం మీద చేయి వేసి, "ఆ పంతులమ్మకి ఎన్నేళ్ళోయ్?" అన్నారు. ముప్పయి ఉండవచ్చునన్నాను. "అబ్బ," అన్నారు. ఆ ఒక్క శబ్దంలో అసూయ లేదు. మంచి పైరు చూచిన రైతు అట్లు అంటాడు.

3 డిసెంబరు, సోమవారం

ఉదయం తొమ్మిదిన్నరకు అంకమ్మరావు గారితో జరిగినదంతా చెప్పాను. నిలబడి చెప్పాను. కూర్చోమన్నా కూర్చోలేదు. "వేంగీ ప్రదీపం" ఎవరిదో, ఆయన నాకు ఏమవుతారో, ఆయన కళ్ళ సంగతి, ఆ రెండు రోజులు నేను నా స్వరంతో ఏమి చేశానో, అంతా. చివర రాజీనామా కాగితం బల్ల మీద పెట్టాను. నిన్న సాయంత్రమే శుద్ధప్రతి వ్రాసి ఉంచాను.

ఆయన దానిని తిప్పి చూచి, "మంచి కాగితం మీద రాశారే, ఈ కరువులో," అన్నారు. తరువాత అడిగారు.

"మాస్టారి పుస్తకం ఎలా చదివారు?"

"నా శక్తి కొలది చదివానండి."

"అయితే ఆ పుస్తకానికి అన్యాయం జరగలేదు. రెండోదానికి జరిగింది. మూడింటికి మళ్ళీ చదవండి. ఎందుకు చదువుతున్నారో వాళ్ళకి మీరే చెప్పండి."

రాజీనామా సంగతి ఎత్తలేదు. దాని వెనుకవైపు ఏదో లెక్క వేసుకోవడం ప్రారంభించారు.

మూడింటికి కంపోజింగు గదిలో నిలబడి ఇశ్రాయేలుకు, శౌరయ్యకు చెప్పాను. "గౌరవనీయులారా" అని మొదలుపెట్టాను. ఎందుకు అట్లు వచ్చినదో తెలియదు. నేను సరిగా చదవనందున వారు ఒక ఉత్తమ గ్రంథాన్ని వినలేకపోయారనీ, అందుకు నేను బాధ్యుడననీ చెప్పాను.

ఇశ్రాయేలు శౌరయ్య వంక చూచినాడు.

"అది మేం చదివేశామండి," అన్నాడు.

"ఎప్పుడు?"

"మీరు చదివిన మర్నాటి నుంచేనండి, రోజూ. అన్నం తింటా. అరలోనే ఉన్నాయి కదా పుస్తకాలు. శౌరయ్య రెండోసారి కూడా అయిపోయింది."

"వాళ్ళమ్మ నాట్లకెళ్ళేదండి," అని ఇశ్రాయేలే అన్నాడు, శౌరయ్యను చూపించి.

"మరి అంకమ్మరావు గారితో ఎందుకు చెప్పలేదు?"

"మీరలా చదివారంటే ఏదో కారణం ఉండే ఉంటుందనుకున్నామండి. పెద్దోరు. అదీగాక ఆ మొదటి పుస్తకం మీ మాస్టారిదని తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలాండీ? ఆ కాగితాల మీద చేతిరాతా, మా ప్రూఫుల మీద మీ చేతిరాతా ఒకటే. రాయడం నేర్పినాయన రాతేగా మీకొచ్చేది. మా పని అక్షరాలు చూడ్డమేగా."

పదేండ్లుగా నేను చదివితేనే గాని వారికి పుస్తకమన్నది అందదని అనుకుంటున్నాను. ఈ సంగతి వ్రాసి పెట్టుకోవడం అవసరం. అందుకని వ్రాస్తున్నాను.

"అయినా చదవండి," అన్నాడు శౌరయ్య. ఈ రోజు అతడు మాట్లాడినది అదొక్కటే. "చదివింది వేరు, వినేది వేరు."

చదివాను. అంకమ్మరావు గారు తడక అవతల నుండి వచ్చి కాగితపు కట్ట మీద కూర్చున్నారు. చేతులు ఎక్కడెక్కడ ఆగినవో నేను వ్రాయనక్కరలేదు. ఆయన కూడా గీతలు పెట్టుకోలేదు.

10 డిసెంబరు, సోమవారం

ఉగాది పుస్తకాల జాబితా అచ్చుకు వెళ్ళినది. ఒక్కొక్క పుస్తకానికి నాలుగు పంక్తుల పరిచయం నన్నే వ్రాయమన్నారు. ఇంతవరకు ఆ పని ఆయనే చేసేవారు. "పాత రేవు" కూ "ఠాణా" కూ "గేటు నంబరు పదకొండు" కూ ఒక గంటలో అయినది. వాటిని తలచుకుంటేనే మాటలు వస్తాయి. రేవులో చివరి కళాసీ ప్రతి ఉదయం రాని ఓడ కొరకు తాడు సిద్ధం చేసే పుట ఒక్కటి చాలు, ఆ పుస్తకం పదికాలాలు నిలవడానికి.

నాలుగవదానికి తొమ్మిదిసార్లు వ్రాసి కొట్టివేశాను. మొదటి ప్రతులలో "కరుణరసప్లావితము", "గ్రామీణజీవనదర్పణము" వంటివి ఉన్నవి. చివరకు నిలిచినది ఇది:

"ఊడ్పుల నెల. నాట్లకు పోయే పన్నెండుమంది ఆడవాళ్ళ కథ. వ్రాసినవారు సంపూర్ణమ్మ, పామర్రు. వాళ్ళు మాట్లాడుకుంటారు. మనం వింటాం."

అంకమ్మరావు గారు చదివి ఒక్క అక్షరం మార్చలేదు. ఆమెకు కార్డు వ్రాశాను. నేను చేసినదానిని కూడా అందులో వ్రాశాను. కార్డు మీద వ్రాస్తే పోస్టుమాను కూడా చదువుతాడు. చదవనిమ్మని కార్డు మీదనే వ్రాశాను.

13 డిసెంబరు, గురువారం

సంపూర్ణమ్మ గారి జవాబు. "నవ్వలేదుగా. ఇంక చాలు. ప్రూఫులు మీరే చూడాలి. మాటలు దిద్దవద్దు." ఇంతే. ఆమె చేతిరాత చాలా బాగుంటుంది. మొదట నేను గమనించలేదు.

మాస్టారి వ్రాతప్రతిని తిప్పి ఇవ్వవలసి ఉన్నది. అంకమ్మరావు గారు ఉత్తరం వ్రాసి ఇచ్చారు. చాలా మర్యాదగా ఉన్నది. అది నా జేబులో ఉన్నది. ఈ రోజు వెళ్ళలేదు. నిన్న కూడా వెళ్ళలేదు.

15 డిసెంబరు, శనివారం

మధ్యాహ్నం భోజనాల వేళ శౌరయ్య నా దగ్గరకు వచ్చి, మాస్టారి వ్రాతప్రతిలోని మొదటి కాగితం అడిగినాడు. ఎందుకన్నాను. ఇశ్రాయేలు చెప్పినాడు: కళ్ళు పోయేలోపల అచ్చులో చూసుకోవాలన్నారని అంకమ్మరావు గారు చెప్పారట. పుస్తకానికి కాగితం లేదు గాని ఒక పుటకు లేకేమి, ముక్కలున్నవి కదా అన్నాడు.

ఇద్దరూ అన్నం మాని కంపోజు చేశారు. కోట వర్ణన వరకు ఒక పుట. శీర్షికకు పెద్ద టైపు వేశారు, చుట్టూ పూల అంచు వేశారు. శుభలేఖలకు వాడే అంచు. వద్దనలేకపోయాను. మూడు ప్రూఫులు తీశారు; సిరా సమంగా పడినది ఎంచి నాకు ఇచ్చారు. ఇశ్రాయేలు, "మా చేతులు ఆగలేదని మాస్టారితో చెప్పకండి," అన్నాడు.

16 డిసెంబరు, ఆదివారం

వ్రాతప్రతి, అంకమ్మరావు గారి ఉత్తరం, ఆ పుట, మూడూ మాస్టారి చేతికి ఇచ్చాను.

ఆయన ఉత్తరం చదివించుకోలేదు. అది ఏమిటో తెలుసునన్నట్లు పక్కన పెట్టారు. పుటను తీసుకొని కిటికీ దగ్గరకు వెళ్ళారు. ముక్కుకు తగిలేంత దగ్గర పెట్టుకొని, వెలుగుకు తిప్పి, ఒక్కొక్క పంక్తి వెంట తల కదుపుతూ చదివారు. చాలాసేపు పట్టినది. సుబ్బరత్నం గారు పొయ్యి మీద ఏదో మాడుతున్నా లోపలికి వెళ్ళలేదు.

"అచ్చు చాలా బాగుంది," అన్నారు మాస్టారు. వేలితో పూల అంచును తడిమి, "ఇది ఎవరి పనోయ్? పెళ్ళి చేశారు నాకు," అని నవ్వారు.

తరువాత పెన్సిలు అడిగారు. ఇచ్చాను. మొదటి వాక్యం మీద, ఆ ఏడు పంక్తుల వాక్యం మీద, ఇటునుంచి అటు ఒక గీత గీశారు.

నేను దిగ్గున లేచాను. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. ఆ మాటే చెప్పాను.

"నాకూ వచ్చోయ్. అందుకే పదకొండేళ్ళు కనిపించలేదు. అచ్చులో చూస్తే పరాయివాడు రాసినట్టుంది." రెండవ వాక్యం మీద కూడా గీత గీశారు. మూడవదాని మీద పెన్సిలు పెట్టి ఆలోచించి, దానినీ కొట్టివేశారు. పూల అంచు మధ్య ఏమీ మిగలలేదు. "ఆ మార్త ముఠా మడిలోకి దిగడానికి ఎన్ని మాటలు పట్టింది? ఆరు. నా మంత్రి ఇంకా మేడ మీదే ఉన్నాడు."

సుబ్బరత్నం గారు, "ఇప్పుడు మళ్ళీ మొదలుపెడతారా? కళ్ళు ఎక్కడున్నాయని?" అన్నారు. కోపంగా అనలేదు.

"కళ్ళు లేకపోతే ఏం? రాయడానికి వీడున్నాడుగా. చేతిరాత నాదే." నన్ను కూర్చోమన్నారు. "ఆ కాగితం తిప్పు. వెనకవైపు తెల్లగానే ఉంది. రాసుకో."

పెన్సిలు తీసుకొని కూర్చున్నాను. ఆయన కిటికీ వైపు మొహం పెట్టి నిలబడ్డారు. వీధిలో పాలబండి వెళ్ళినది. అప్పుడు చెప్పారు:

"ఆ రోజు తెల్లవారినా కోట తలుపు తీయడానికి ఎవరూ రాలేదు."

వ్రాశాను. ఇంకా వస్తుందని పెన్సిలు కాగితం మీద పెట్టి ఉంచాను. రాలేదు.

"ఎందుకు రాలేదు మాస్టారూ?" అన్నాను.

"నాకు తెలియదోయ్," అన్నారు.

పంతొమ్మిదేండ్లుగా ఆయన శిష్యుడిని. ఆయన నోట ఆ మాట వినడం ఇదే మొదలు. ఇంత సంతోషంగా ఆయన ఏ మాటా అనగా నేను వినలేదు.